స్థిర ప్రమేయం ఆవర్తన ప్రమేయమేనా?

అన్నిచోట్లా 5 అనే విలువనే ఇచ్చే ప్రమేయం ఆవర్తన ప్రమేయమా, కాదా? తిరువూరులో ఎంపీసీ చదివే పిల్లలైనా, విజయవాడ హాస్టళ్లలో ఈఏపీసెట్‌కి తయారయ్యేవాళ్లైనా త్రికోణమితి మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఈ ప్రశ్న దగ్గర ఆగుతారు. మారనే మారని దానికి ఆవర్తనం ఏమిటని కొందరంటారు. నిర్వచనం చూడండి, అచ్చంగా సరిపోతోంది కదా అని మరికొందరంటారు. ఆవర్తన ప్రమేయమే గానీ ఫండమెంటల్ పీరియడ్ లేదని కోచింగ్ మెటీరియల్లో ఒక వాక్యం ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీపట్టి ముందుకు పోతారు. ఆ వాక్యం నిజమే. అయితే అది ఎందుకు నిజం? గణితంలో ఏయే శాఖలు స్థిర ప్రమేయాన్ని కలుపుకున్నాయి, ఏవి పక్కన పెట్టాయి, అందుకు ఏ కారణాలు చెప్పాయి? ఒక్క మార్కు ప్రశ్న వెనక రెండు వందల ఏళ్ల గణితం ఉంది.

ముందు నిర్వచనం. ఒక ప్రమేయానికి ఎక్స్ దగ్గర ఉన్న విలువా, ఎక్స్‌కి టి కలిపినచోట ఉన్న విలువా ప్రతి ఎక్స్‌కీ సమానం కావాలి. అలాంటి టి, సున్నా కంటే పెద్దది, ఒక్కటి దొరికినా ఆ ప్రమేయం ఆవర్తన ప్రమేయం. ఆ టి దానికి ఒక ఆవర్తనం. దీన్ని చేత్తో చేసి చూడొచ్చు. సైన్ గ్రాఫును ట్రేసింగ్ కాగితం మీదికి దించి, కాగితాన్ని కుడివైపుకు నెమ్మదిగా జరపాలి. 180 డిగ్రీలు జరిపితే శిఖరం వెళ్లి లోయకు ఎదురుగా నిలబడుతుంది. 360 దగ్గర పై గీత కింది గీతతో పూర్తిగా కలిసిపోతుంది. 720 దగ్గర మళ్లీ కలుస్తుంది. ఇప్పుడు అదే పని 5 ఎత్తులో గీసిన అడ్డగీతతో చెయ్యండి. కాగితాన్ని వెంట్రుకవాసి జరిపినా, మూరెడు జరిపినా గీత గీత మీదే ఉంటుంది. నిర్వచనం అడిగింది ఒక్క టిని. ఇక్కడ ప్రతి ధన సంఖ్యా టిగా పనికొస్తుంది.

మరి పేచీ ఎక్కడ?

ఆవర్తనం అనగానే మనకు 'ఎంతకోసారి' అన్న ప్రశ్న పుడుతుంది. తెలుగు సంవత్సరాల పేర్లే తీసుకుందాం. 1966 ఉగాదితో పరాభవ నామ సంవత్సరం మొదలైంది. 2026 ఉగాదితో మళ్లీ పరాభవ. అరవై ఏళ్లకోసారి అంటాం. నిర్వచనం ప్రకారం నూట ఇరవై ఏళ్లు కూడా ఆవర్తనమే, నూట ఎనభై కూడా. అయినా అరవై అనే చెబుతాం, ఎందుకంటే వాటన్నిటిలో చిన్నది అదే. ఆ కనిష్ఠ ధన ఆవర్తనమే ఫండమెంటల్ పీరియడ్. స్థిర ప్రమేయానికి లేనిది ఇది. దానికి 1 ఆవర్తనం, 0.1 ఆవర్తనం, 0.0001 కూడా ఆవర్తనమే. ఎంత చిన్న సంఖ్యను పట్టుకున్నా అందులో సగం కూడా ఆవర్తనమే. సున్నా కంటే పెద్ద సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది అంటూ ఉండదు కాబట్టి కనిష్ఠ ఆవర్తనమూ ఉండదు.

సున్నా అని రాసేస్తే సరిపోదా అని అడిగే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉంటాడు. అనంతం అని రాసేవాడూ ఉంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత తర్కం ఉంది. కొసైన్ కె-ఎక్స్ అనే ప్రమేయంలో కె విలువ 1 అయితే ఆవర్తనం 360 డిగ్రీలు, పదో వంతు అయితే 3,600, నూరో వంతు అయితే 36,000. కె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ గ్రాఫ్ సాగి సాగి, 1 అనే స్థిర ప్రమేయంలోకి దిగుతుంది. ఆవర్తనం అనంతం వైపు పరుగెడుతుంది. ఇప్పుడు దారి మార్చి, సైన్ కె-ఎక్స్‌ని కె తోనే భాగించి, కె ని పెంచుకుంటూ పోదాం. అలలు చిన్నవై, దగ్గరదగ్గరై, చివరికి గ్రాఫ్ సున్నా గీతలో కలిసిపోతుంది. ఈసారి ఆవర్తనం సున్నా వైపు పోతుంది. మూడో దారిలో సైన్ ఎక్స్‌ని సగానికి, పదో వంతుకు, వెయ్యో వంతుకు తగ్గిద్దాం. గ్రాఫ్ మళ్లీ అదే సున్నా గీత అవుతుంది, కానీ దారంతా ఆవర్తనం 360 డిగ్రీలు దాటలేదు, తగ్గలేదు. చేరిన చోటు స్థిర ప్రమేయమే, మూడు దారులు మాత్రం మూడు జవాబులు చెప్పాయి. అందుకే గణితం ఏ ఒక్కదాన్నీ ఎంచుకోకుండా 'నిర్వచితం కాదు' అంటుంది. ఇది తప్పించుకోవడం కాదు, లెక్క కట్టి తేల్చిన మాట.

కనిష్ఠ ఆవర్తనం లేకపోవడం స్థిర ప్రమేయం ఒక్కదానికే ఉన్న లక్షణం కూడా కాదు. జర్మన్ గణితవేత్త డిరిక్లే 1829లో ఫూరియే శ్రేణుల మీద (అంటే ప్రమేయాన్ని సైన్, కొసైన్ పదాల మొత్తంగా రాసే పద్ధతి మీద) రాసిన పత్రంలో ఒక విచిత్రమైన ప్రమేయాన్ని చూపించాడు. అకరణీయ సంఖ్యల దగ్గర ఒక విలువ, కరణీయ సంఖ్యల దగ్గర మరో విలువ. ఒక సంఖ్యకు అకరణీయ సంఖ్యను కలిపితే అకరణీయం అకరణీయంగానే ఉంటుంది, కరణీయం కరణీయంగానే ఉంటుంది. అంటే ప్రతి ధన అకరణీయ సంఖ్యా దానికి ఆవర్తనమే. చిన్న ఆవర్తనాలకు అంతు లేదు కాబట్టి కనిష్ఠమైనది లేదు. ప్రమేయం మాత్రం స్థిరం కాదు, రెండు విలువల మధ్య ఎడతెగకుండా దూకుతూ ఉంటుంది. కాబట్టి 'మారదు' అన్న గుణమూ, 'కనిష్ఠ ఆవర్తనం లేదు' అన్న గుణమూ ఒకటి కావు.

ఆ రెండు గుణాలూ ఎప్పుడు ఒకటవుతాయో చెప్పే సిద్ధాంతం ఒకటుంది. ప్రమేయం అవిచ్ఛిన్నమై, ఎంత చిన్న ఆవర్తనం కావాలన్నా దొరుకుతుంటే అది తప్పనిసరిగా స్థిర ప్రమేయమే. నిరూపణ ఇంటర్ పిల్లలకు అందేదే. ఏవైనా రెండు బిందువులు తీసుకోండి. మొదటి బిందువు నుంచి చిట్టి ఆవర్తనమంత అడుగులు వేసుకుంటూ రెండోదాని వైపు నడవండి. ప్రతి అడుగుకీ ప్రమేయం విలువ మారదు. అడుగు మిలియనో వంతు అయితే రెండో బిందువుకు మిలియనో వంతు దూరంలోకి చేరతారు, అడుగు ఇంకా చిన్నదైతే ఇంకా దగ్గరికి. అక్కడంతా విలువ మొదటి బిందువు దగ్గర ఉన్నదే. ప్రమేయం అవిచ్ఛిన్నం కాబట్టి రెండో బిందువు దగ్గరా అదే ఉండాలి. అంటే, అవిచ్ఛిన్న ఆవర్తన ప్రమేయాలన్నిటిలో కనిష్ఠ ఆవర్తనం లేనివి స్థిర ప్రమేయాలు మాత్రమే. స్థిర ప్రమేయాన్ని ముందే గెంటేస్తే ఇంత చక్కని ఫలితాన్ని ఈ మాటల్లో చెప్పే వీలే ఉండదు.

పరీక్షల్లో నిజంగా కాలు జారేది ఇక్కడ కాదు, ప్రదేశం దగ్గర. ప్రమేయం ఏయే సంఖ్యల మీద నిర్వచితమో ఆ సమితిని ప్రదేశం అంటాం. నిర్వచనంలో దాని గురించి ఒక షరతు ఉంది: ఎక్స్ ప్రదేశంలో ఉంటే ఎక్స్ కి టి కలిపినదీ ప్రదేశంలో ఉండాలి. 0 నుంచి 1 వరకు మాత్రమే నిర్వచించిన స్థిర ప్రమేయం ఈ షరతుతోనే ఓడిపోతుంది. ఏ టి కలిపినా ఎక్కడో ఒకచోట గీత దాటిపోతాం. కాబట్టి అది ఆవర్తన ప్రమేయం కానే కాదు.

ఇంతకంటే ఆసక్తికరమైనది సెకెంట్ వర్గం లోంచి టాంజెంట్ వర్గం తీసేస్తే వచ్చే ప్రమేయం. విలువ ఎప్పుడూ 1. స్థిర ప్రమేయమే కదా, కనిష్ఠ ఆవర్తనం లేదని రాయబోతాం. ఆగాలి. 90 డిగ్రీల దగ్గర సెకెంటూ లేదు, టాంజెంటూ లేదు. 270 దగ్గరా లేవు. 90కి ఉన్న ప్రతి బేసి గుణిజం దగ్గరా గీతలో ఒక చిల్లు ఉంటుంది. ట్రేసింగ్ కాగితం జరిపినప్పుడు గీత గీత మీద పడితే చాలదు, చిల్లు చిల్లు మీద పడాలి. అది 180 డిగ్రీలకోసారే జరుగుతుంది. కాబట్టి ఈ ప్రమేయానికి కనిష్ఠ ఆవర్తనం ఉంది, అది 180 డిగ్రీలు. టాంజెంట్‌ని కొటాంజెంట్‌తో గుణిస్తే వచ్చే 1కి చిల్లులు 90కోసారి, కనిష్ఠ ఆవర్తనం 90. సైన్ వర్గానికి కొసైన్ వర్గం కలిపితే వచ్చే 1కి చిల్లులే లేవు, కనిష్ఠ ఆవర్తనమూ లేదు. మూడు చోట్లా విలువ 1 అయినా జవాబులు మూడు. ప్రమేయం అంటే ఫార్ములా ఒక్కటే కాదు, ప్రదేశం కూడా అందులో భాగమని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇంటర్ స్థాయిలో దొరకదు.

హైస్కూల్లో అయితే మారని దాన్ని ఆవర్తనంగా ఒప్పుకోవడానికి ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఏడో వంతును దశాంశాల్లో రాస్తే 142857 అనే ఆరంకెలు తిరిగి తిరిగి వస్తాయి. మూడో వంతు రాస్తే 0.3333 అంటూ మూళ్లే వస్తాయి. రెండూ ఆవర్తిత దశాంశాలే అని పాఠం చెబుతుంది. అన్నీ మూళ్లే కదా, ఇందులో తిరిగి రావడం ఏముందని ఏ పిల్లవాడూ అడ్డు చెప్పడు. ఆ మూళ్ల వరస ఒక స్థిర ప్రమేయమే, దాని ప్రదేశం ఒకటో స్థానం, రెండో స్థానం, మూడో స్థానం. ఇక్కడ జరపడం పూర్ణసంఖ్యల్లోనే కాబట్టి ధన ఆవర్తనాల్లో చిన్నది ఉంది, అది 1. పూర్ణసంఖ్యల మీద స్థిర ప్రమేయానికి కనిష్ఠ ఆవర్తనం 1, వాస్తవ సంఖ్యల మీద అది లేదు. ప్రమేయం స్వభావం రెండుచోట్లా ఒకటే, తేడా అంతా కింద ఉన్న సంఖ్యలది.

స్థిర ప్రమేయాన్ని ఒప్పుకోనివారిని తప్పుపట్టే ముందు వాళ్ల వాదన పూర్తిగా వినాలి. ప్రత్యేక సందర్భాన్ని సాధారణ వర్గంలో చేర్చాలా, విడిగా ఉంచాలా అన్న తగవు గణితంలో పాతదే. యూక్లిడ్ మొదటి పుస్తకంలో సమద్విబాహు త్రిభుజానికి రెండు భుజాలు మాత్రమే సమానం, సమబాహు త్రిభుజం అందులోకి రాదు. అతని దీర్ఘచతురస్రంలోకి చతురస్రం రాదు. ఈనాటి పాఠ్యపుస్తకాలు రెండిటినీ కలుపుకున్నాయి. 1 ప్రధాన సంఖ్యా కాదా అన్నది దీనికి ఎదురుదిశలో నడిచింది. గణితవేత్త డి.ఎన్. లేమర్ 1914లో అచ్చువేసిన ప్రధాన సంఖ్యల పట్టిక 1తోనే మొదలవుతుంది. తర్వాత 1ని తీసేశారు, ఎందుకంటే అది ఉంటే ఒక సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే రకంగా రాయగలమన్న సిద్ధాంతం చెడిపోతుంది. రెండు నిర్ణయాల్లోనూ కొలబద్ద ఒకటే. ఏది చేర్చితే సిద్ధాంతాలు సూటిగా ఉంటాయో దాన్ని చేర్చుకున్నారు, ఏది ఉంటే మినహాయింపులు పెరుగుతాయో దాన్ని తీసేశారు.

ఆ కొలబద్దతో స్థిర ప్రమేయాన్ని కొలిచి చూద్దాం. 180 డిగ్రీల ఆవర్తనం ఉన్న రెండు ప్రమేయాలను కలిపితే వచ్చేదానికీ 180 ఆవర్తనం కావాలి. ఇది కనీస మర్యాద. సైన్ వర్గం, కొసైన్ వర్గం అలాంటివే, కలిపితే 1. స్థిర ప్రమేయాన్ని వెలివేస్తే రెండు ఆవర్తన ప్రమేయాల మొత్తం ఆవర్తనం కాకుండా పోతుంది. ఏ ప్రమేయంలోంచి దాన్నే తీసేస్తే వచ్చే సున్నాకూ అదే గతి. ఒకే ఆవర్తనం ఉన్న ప్రమేయాలన్నీ కలిసి సదిశాంతరాళం అవుతాయని డిగ్రీలో చెప్పే పాఠం మొదటి వాక్యంలోనే కూలిపోతుంది. ప్రతి సిద్ధాంతం చివరా 'మొత్తం స్థిరం కానప్పుడు' అని తోక తగిలించాలి.

ఇది కాగితం మీది ఇబ్బంది మాత్రమే కాదు. తిరువూరులో ఏ ఇంటి ప్లగ్గులోనైనా వచ్చే 230 వోల్టుల కరెంటు సెకనుకు 50 సార్లు తిరిగే సైన్ అల. ఒక్కో ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు, శిఖరం దగ్గర సుమారు 325 వోల్టులు. అదే ఎన్టీఆర్ జిల్లాలో ఇబ్రహీంపట్నం దగ్గరున్న నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో టర్బైన్లు నిమిషానికి 3,000 చుట్లు తిరగడం, అంటే సెకనుకు 50, ఈ లెక్క కోసమే. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసిన దగ్గర్నుంచి కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా అదే లయ. ఇప్పుడు ఫోన్ చార్జర్ పెట్టండి. అందులోని నాలుగు డయోడ్ల వంతెన అలలో కిందికి దిగే సగాన్ని పైకి తిప్పుతుంది. వరసగా గుట్టలు వస్తాయి, కనిష్ఠ ఆవర్తనం 20 నుంచి 10 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. ఆ గుట్టల అలను ఫూరియే పద్ధతిలో విడదీస్తే మొదట వచ్చే పదం ఏ సైనూ కాదు, కొసైనూ కాదు. సుమారు 207 వోల్టుల స్థిర సంఖ్య, ఆ గుట్టల సగటు. తర్వాత 100 హెర్ట్జ్, 200 హెర్ట్జ్, 300 హెర్ట్జ్ పదాలు వరసకడతాయి. ఫోన్‌కి కావలసింది స్థిరమైన వోల్టేజీ కాబట్టి కెపాసిటర్ ఆ అలల పదాలను అణచివేస్తుంది. ఆవర్తన ప్రమేయాన్ని ఆవర్తన ముక్కలుగా విడగొట్టామని చెబుతూ మొదటి ముక్కనే ఆవర్తనం కాదనడం కుదరదు.

ఇంజనీరింగ్ పుస్తకాలు ఈ విషయంలో తేటగా ఉన్నాయి. మన దేశంలో ఈసీఈ విద్యార్థులు దశాబ్దాలుగా చదువుతున్న ఒపెన్‌హైమ్, విల్స్కీల 'సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్' స్థిర సంకేతాన్ని ఆవర్తనంగానే లెక్కిస్తుంది. ఏ టి అయినా దానికి సరిపోతుంది కనుక ఫండమెంటల్ పీరియడ్ మాత్రం నిర్వచితం కాదని విడిగా చెబుతుంది. డీసీకి, అంటే మారని వోల్టేజీకి, పౌనఃపున్యం సున్నా అని వాడుకలో అనడం కూడా తప్పు కాదు, వివిధ పౌనఃపున్యాల కుటుంబంలో దాని స్థానం సున్నా దగ్గరే. పౌనఃపున్యం సున్నా కాబట్టి ఆవర్తనం అనంతం అని తలకిందులు చెయ్యడమే కూడదు.

ఫూరియే పేరు వచ్చింది కాబట్టి ఆయన చేసిన పని ఒకటి చెప్పాలి. 1822లో వచ్చిన ఉష్ణ సిద్ధాంత గ్రంథంలో ఆయన ఇనుప కడియంలో వేడి ఎలా పాకుతుందో లెక్క కట్టాడు. బండి చక్రానికి తొడిగే ఇనుప పట్టాను ఒకచోట కాల్చి వదిలేసినట్టు ఊహించుకోవచ్చు. పట్టా చుట్టూ ఒక చుట్టు తిరిగితే బయల్దేరిన చోటికే వస్తాం, కాబట్టి కోణాన్ని బట్టి ఉష్ణోగ్రత 360 డిగ్రీల ఆవర్తన ప్రమేయం. ఇందులో ఎవరికీ సందేహం లేదు. వేడి బయటికి పోనివ్వకపోతే కాలం గడిచేకొద్దీ సైన్, కొసైన్ పదాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి, ఎక్కువసార్లు ఊగేవి ముందు, తక్కువసార్లు ఊగేవి తర్వాత. చివరికి పట్టా అంతా ఒకే వేడి, అంటే స్థిర ప్రమేయం. అప్పుడు మాత్రం అది ఆవర్తనం కాకుండా పోయిందనగలమా? పట్టా గుండ్రంగానే ఉంది, చుట్టు తిరిగితే అదే చోటికి వస్తున్నాం. ఆవర్తన ప్రమేయం అంటే వృత్తం మీద నిర్వచించిన ప్రమేయం అని ఒక్కసారి గ్రహిస్తే తగవు సగం తీరిపోతుంది.

ఈ దారిలో ఆంధ్రదేశానికి ఒక గొప్ప వాటా ఉంది, అది మన పిల్లలకు చెప్పే పాఠాల్లోకి రాకపోవడం లోటు. విశాఖపట్నం వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరం (1913–1968) ఫూరియే శ్రేణుల మీద లోతైన పరిశోధన చేసిన గణితవేత్త. స్వీడన్‌కు చెందిన ఓకె ప్లెయెల్‌తో కలిసి ఆయన 1949లో కెనేడియన్ జర్నల్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో ప్రచురించిన పత్రం ఇవాళ్టికీ జ్యామితిలో, భౌతికశాస్త్రంలో వాడుకలో ఉంది. ఫూరియే వృత్తం మీద చేసిన పనిని అంచులేని ఏ వక్రతలం మీదైనా చెయ్యడం అందులోని మూలాంశం. వృత్తం మీద సైన్, కొసైన్‌ల పాత్రను ఇక్కడ ఆ తలానికి చెందిన ప్రత్యేక ప్రమేయాలు పోషిస్తాయి. ఒక్కోదానికి ఒక సంఖ్య ఉంటుంది, వృత్తం మీద అయితే ఆ సంఖ్యలు 0, 1, 4, 9, 16 అంటూ వర్గాలు. ఆ మొదటి 0 స్థిర ప్రమేయానిది. మీనాక్షిసుందరం, ప్లెయెల్‌ల పేరుతో ప్రసిద్ధమైన జీటా ప్రమేయం ఈ సంఖ్యల ఘాతాల విలోమాలను కూడుతుంది. సున్నాకు విలోమం లేదు కాబట్టి ఆ ఒక్క పదాన్ని మొత్తంలోంచి తప్పిస్తారు. ఇక్కడి పద్ధతి గమనించదగ్గది. స్థిర ప్రమేయం ప్రత్యేక ప్రమేయమే కాదని ఎవరూ అనలేదు. జాబితాలో దాన్ని మొదటి స్థానంలో ఉంచారు, ఈ కూడికలో మాత్రం వదిలేస్తున్నామని చెప్పి వదిలేశారు. చెప్పి వదిలెయ్యడానికీ, అసలు లేదనడానికీ చాలా తేడా ఉంది.

స్థిర ప్రమేయాన్ని బయట ఉంచాలని బలంగా కోరే శాఖ అవకల సమీకరణాలది. వేటాడే జంతువులు, వేటకు బలయ్యే జంతువుల సంఖ్య ఎలా మారుతుందో చెప్పే లోట్కా–వోల్టెరా సమీకరణాల్లో (1925, 1926) ఒక సమతుల్య స్థానం ఉంటుంది. అక్కడ రెండు జాతుల సంఖ్యా మారదు. దాని చుట్టూ మూసుకున్న వలయాలు ఉంటాయి, అక్కడ సంఖ్యలు పెరిగి తరిగి మళ్లీ మొదటికొస్తాయి. శాస్త్రజ్ఞుడికి కావలసింది ఆ వలయాలు. సమీకరణానికి ఆవర్తన సాధన ఉందని నిరూపించానని ఎవరైనా అని, చివరికి సమతుల్య స్థానాన్ని చూపిస్తే విన్నవాడికి దక్కింది ఏమీ లేదు. సమతలంలో కక్ష్యల గురించిన పోయింకరే–బెండిక్సన్ సిద్ధాంతం కూడా సమతుల్య బిందువునూ మూసుకున్న కక్ష్యనూ రెండు వేర్వేరు సంగతులుగా చూస్తేనే అర్థవంతంగా ఉంటుంది. అందుకే ఆ రంగంలోవారు ఆవర్తన కక్ష్య అంటే స్థిరం కానిదనే తీసుకుంటారు. ఆ అవసరం న్యాయమైనదే.

వింతేమిటంటే కాలం గంటకొట్టినట్టు అడుగులుగా నడిచేచోట అదే రంగం మాట మార్చుకుంటుంది. కాల్‌క్యులేటర్ని రేడియన్లలో పెట్టి ఏదో ఒక సంఖ్యకు కొసైన్ మీట నొక్కుతూ పోతే అంకెలు 0.739085 దగ్గర నిలబడిపోతాయి. అక్కడి నుంచి ఎన్నిసార్లు నొక్కినా అదే. దీన్ని 1 ఆవర్తనంగా ఉన్న బిందువు అనే పిలుస్తారు. ఉక్రెయిన్ గణితవేత్త షార్కోవ్‌స్కీ 1964లో, ఏ ఆవర్తనం ఉంటే ఏ ఆవర్తనాలు తప్పక ఉంటాయో తెలిపే వరసను నిర్మించాడు. 3తో మొదలై బేసి సంఖ్యలన్నీ దాటి 8, 4, 2 మీదుగా 1 దగ్గర ఆగుతుంది ఆ వరస. 1975లో లీ, యార్క్ అనే ఇద్దరు ఇందులో 3 ఆవర్తనం గురించిన భాగాన్ని స్వతంత్రంగా కనుక్కుని ప్రపంచమంతటికీ పరిచయం చేశారు. కదలని బిందువును ఆవర్తనం కాదంటే షార్కోవ్‌స్కీ వరసకు చివరి మెట్టే ఉండదు.

లెక్కపెట్టే గణితంలోనూ ఇదే. ఎర్ర, తెల్ల పూసలతో మూడు స్థానాల వరసలు ఎన్ని? ఎనిమిది. అందులో రెండు ఒకే రంగువి. మిగిలిన ఆరూ, ఒక్కో స్థానం జరుపుతూ పోతే, మూడేసి చొప్పున రెండు గుంపులవుతాయి. అయిదు స్థానాలైతే 32 వరసలు, రెండు తీసేస్తే 30, అయిదేసి చొప్పున ఆరు గుంపులు. స్థానాల సంఖ్య ప్రధాన సంఖ్య అయితే ఇది ఎప్పుడూ శేషం లేకుండా సరిపోతుంది. 1640లో ఫెర్మా ప్రకటించిన సిద్ధాంతానికి గణితవేత్త గోలోంబ్ 1956లో రాసిన నిరూపణ ఇదే. అందులో స్థిరమైన వరసలను తీసెయ్యడానికి కారణం అవి ఆవర్తనం కాకపోవడం కాదు, వాటి కనిష్ఠ ఆవర్తనం 1 కావడం.

మిగతా శాఖల తీర్పు క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. రెండు దిశల్లో ఆవర్తనమయ్యే సంకీర్ణ ప్రమేయాల సిద్ధాంతంలో లియువిల్ 1840ల్లో కనుగొన్న ఫలితం, అలాంటి ప్రమేయం ఎక్కడా అనంతం కాకపోతే అది స్థిరమే అంటుంది. అక్కడ స్థిర ప్రమేయం ఆ కుటుంబంలో పూర్తి సభ్యురాలు. డెన్మార్క్ గణితవేత్త హెరాల్డ్ బోర్ 1920ల్లో దాదాపు-ఆవర్తన ప్రమేయాల సిద్ధాంతం కట్టాడు. సైన్ ఎక్స్‌కి సైన్ √2 ఎక్స్ కలిపితే వచ్చేది ఏ ఆవర్తనమూ లేనిది, దానికోసమే ఆ సిద్ధాంతం. అందులోకీ స్థిర ప్రమేయం ఏ అభ్యంతరమూ లేకుండా వస్తుంది.

ఇన్ని చోట్లా చూశాక తేలేది ఒకటే. స్థిర ప్రమేయం వాస్తవ సంఖ్యలన్నిటి మీదా నిర్వచితమైతే అది ఆవర్తన ప్రమేయమే. దానికి ప్రతి ధన సంఖ్యా ఆవర్తనమే, కనిష్ఠ ఆవర్తనం మాత్రం లేదు. దాన్ని పక్కన పెట్టాల్సిన అవసరం అవకల సమీకరణాల్లాంటి చోట్ల నిజంగా ఉంది. అక్కడ 'స్థిరం కాని ఆవర్తన సాధన' అని రెండు మాటలు ఎక్కువ రాస్తే సరిపోతుంది. రెండు మాటల శ్రమ తప్పించుకోవడానికి నిర్వచనాన్నే మార్చడం సరైన పని కాదు.

ఇక చెప్పాల్సింది ప్రశ్నపత్రాలు కూర్చేవారికీ, పాఠం చెప్పేవారికీ. 'ఈ ప్రమేయానికి ఆవర్తనం ఎంత' అని అడిగి, మనసులో కనిష్ఠ ఆవర్తనాన్ని పెట్టుకోవడం వల్లే పిల్లలు ఈ రెండిటినీ ఒకటనుకుంటున్నారు. ప్రశ్నలోనే 'కనిష్ఠ ధన ఆవర్తనం' అని రాయండి. ప్రదేశం ఏదో అదే వాక్యంలో చెప్పండి. సెకెంట్, టాంజెంట్ ఉన్న లెక్కల్లో చిల్లుల సంగతి బోర్డు మీద గ్రాఫ్ గీసి చూపించండి. స్థిర ప్రమేయం వచ్చిన రోజున, బట్టీ వాక్యం చెప్పే ముందు, పిల్లల చేత ఒక ట్రేసింగ్ కాగితం జరిపించండి.